సుంకలమ్మకు పెట్టిన చీర

రోహిణి కార్తె ముగిసే ముందు రోజు పత్తికొండకు పడమరనున్న పల్లెల మీద వాన దంచి కొట్టింది. తెల్లవారేసరికి ఈరక్క కొడవలి పట్టుకొని చేనులో ఉంది. ఎర్రనేలను జానెడు లోతు గీరి, అడుగు మట్టి తీసి పిడికిట పట్టి నొక్కింది. వేళ్ళు విప్పితే ముద్ద విరగకుండా అలాగే నిలిచింది. విత్తడానికి ఇంత మంచి పదును ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె చూసింది ఏ రెండు మూడుసార్లో. ఆ రెండు మూడుసార్లూ ఈ చేనులో విత్తనం పడలేదు.

ఇంటికొచ్చేసరికి మొగుడు సుంకప్ప గడప దగ్గర కూర్చొని పళ్ళు తోముకుంటున్నాడు.

"పదునయింది. ఉమామహేశు రేపు పొద్దున మనకు ట్రాక్టరు పెడతాడంట. ఎల్లుండి నుంచి వేరే ఊరికి పోతాడంట. రమ్మని చెప్పేదా?"

సుంకప్ప వేపపుల్ల నములుతూ అరుగు మీద పడుకున్న తండ్రి వైపు చూశాడు. "నాయన్నడుగు."

"నువ్వడగరాదా? నీ నాయనే గదా."

"నేనడిగితే ఏమంటాడో నీకు తెల్దా?"

హనుమన్నకు ఎనభై దాటాయి. చూపు మసకేసింది గానీ చెవులు మాత్రం గడప అవతలి గుసగుసను కూడా వదలవు. పడుకునే అన్నాడు: "తొలివానకు చేన్లో ఇనుము పెట్టగూడదు. వాన కడిగి పైకి తెచ్చినదాన్ని మళ్ళా మన్నులో పూడుస్తారా? రెండో వానకు విత్తుదురులే."

"రెండో వాన యాడుంది మామా? పోయినేడు వచ్చిందా? అంతకు ముందేడు వచ్చిందా?"

"రాకపోతే నేనేం జేతు? పోయి వాననడుగు."

అక్కడితో మాట ఆగిపోయింది. హనుమన్న కాదంటే ఆ ఇంట్లో విత్తనం పడదు. తొలి పిడికెడు ఇంటి పెద్ద చేతి నుంచే విత్తే గొర్రులోకి జారాలి. ఆ చేయి అడ్డం పెడితే సుంకప్ప ఎదురు చెప్పడు. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

హనుమన్న అన్న ఆ మాటకు నాలుగు తరాల వయసుంది. అతని తాత పెద్ద ఈరన్న ముళ్ళకంప నరికి, బండలు దొర్లించి, ఆ బండలతోనే చుట్టూ గట్టు పేర్చి ఈ చేను చేశాడు. పెద్ద ఈరన్న భార్య సుంకలమ్మ ఒక ఏడు తొలివాన మర్నాడు అన్నం గంప నెత్తిన పెట్టుకొని వస్తుంటే అరికాల్లో ఏదో గుచ్చుకుంది. తీసి గుంటనీళ్ళలో కడిగి చూస్తే వజ్రం. ఆ వైపు నేలల్లో తొలకరికి వజ్రాలు బయటపడడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వాన పడిందంటే బళ్ళారి నుంచి, నంద్యాల నుంచి జనం సద్ది కట్టుకొని వచ్చి చేలల్లో తలలు వంచుకొని తిరుగుతారు. ఏ లక్షమందిలోనో ఒకరికి దొరుకుతుంది. మిగిలినవాళ్ళు మెడనొప్పితో ఇళ్ళకు పోతారు.

సుంకలమ్మ రాయి ఆ ఇంటికి జత ఎద్దులనూ, వంక పక్కన నల్లరేగడి తునకనూ తెచ్చిపెట్టింది. మరుసటి ఏడు ఆమె కాన్పులో పోయింది. గట్టు మీద ఆమె పేరున ఒక రాయి నిలబెట్టారు. పెద్ద ఈరన్నకు ఎవరు చెప్పారో, ఎట్లా నమ్మాడో తెలియదు గానీ, వజ్రాలు జతగా పుడతాయనీ, ఆడరాయి దొరికింది కాబట్టి మొగరాయి ఇంకా ఈ చేనులోనే ఉందనీ అన్నాడు. అది దొరికేదాకా తొలివానకు దున్నకూడదన్నాడు. దున్నితే వాన పైకి తేల్చిన రాయి మళ్ళీ అడుక్కు పోతుంది. అందుకని ఊరంతా విత్తుతుంటే అతను నేల చూసుకుంటూ నడిచాడు. రెండో వానకు విత్తాడు. అప్పట్లో రెండో వాన చెప్పినట్టు వచ్చేది కనుక ఎవరికీ నష్టం తెలియలేదు.

అతని కొడుకు చిన్న ఈరన్న నాటికి ఆ మాట నియమమయింది. నియమమయ్యాక వాన తప్పడం మొదలుపెట్టింది. రెండో వాన రాని ఏళ్ళలో కొర్ర లేదు, జొన్న లేదు. వంక పక్క నల్లరేగడి చేతులు మారింది. హనుమన్న నాటికి ఎద్దులు పోయాయి. వయసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి తొలకరికీ అతను చేనుకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంగి నడిచాడు. వంగీ వంగీ నడుము అట్లాగే నిలిచిపోయింది. రెండో రాయి దొరికిన రోజున సుంకలమ్మకు పచ్చచీర పెడతానని మొక్కుకున్నాడు. ఆ మొక్కు సంగతి టీ అంగట్లో యాభై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాడు. "ఏం హనుమన్నా, చీర కొంటివా?" అని అడగడం ఊళ్ళో పిల్లలకు కూడా ఆట. ఈరక్క పెళ్ళైన కొత్తలో ఆ మాటకు చిన్నబోయేది. తర్వాత తర్వాత అది ఆమె చెవికి ఆనడం మానేసింది.

ఈ ఏడు మాత్రం ఆమెకు ఆగడానికి వీల్లేదు. పంట లేని ప్రతి ఏడూ దసరా దాటగానే ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపచేలకు కూలికి పోవడం, దాన్ని సుగ్గి అంటారు, ఆ ఊరికి అలవాటే. పోయిన సుగ్గికి కూతురు శివలీలను కూడా తీసుకుపోవలసి వచ్చింది. ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాసినప్పుడు మిరప మంట తగ్గని వేళ్ళతోనే రాసింది. పాసయింది. పత్తికొండ కాలేజీలో చేరాలని ఉంది. "ఈ యేడు సుగ్గికి పోము. చేను పండిస్తాం, నువ్వు చదువుకుందువు" అని ఈరక్క మాటిచ్చింది. మాటివ్వడమే కాదు, ఎండాకాలమంతా తల్లీకూతుళ్ళు కూర్చొని విత్తనపు బుడ్డలు చేత్తోనే ఒలిచారు. మిషను కొట్టిన వేరుశనగ పప్పు పగులుతుందని, సగం మొలవదని ఈరక్క పట్టుదల. బొటనవేళ్ళ గోళ్ళు అరిగి గింజ తగిలినా సుర్రుమనేది.

ఆ సాయంత్రం ఈరక్క వంక వైపుకు పోయింది. అప్పటికే కొత్త మొహాలు పక్కచేలల్లో తిరుగుతున్నాయి. వంకలో వాననీళ్ళు ఇసుకను కడిగి పోయాయి. ఆమె తలవంచి నడిచింది. చాలాసేపు నడిచింది. చివరికి శనగగింజంత పలుగురాయి ఒకటి ఏరుకుంది. తేటగా, అంచులు పదునుగా ఉంది. కళ్ళు కనబడేవాడెవడూ దాన్ని వజ్రమనుకోడు. కనబడనివాడికి చాలు.

హనుమన్న అరుగు మీద గోడకానుకొని కూర్చున్నాడు. సుంకప్ప ఇంట్లో లేడు.

"మామా, చెయ్యి పట్టు."

"ఏంది?"

"పట్టు ముందు."

రాయి అరచేతిలో పడగానే ముసలాయన గోడనొదిలి ముందుకు జరిగాడు. వేళ్ళతో తిప్పాడు. చెంపకు ఆనించుకున్నాడు. నాలుక మీద పెట్టుకొని తీశాడు.

"చల్లగుండాది," అన్నాడు మెల్లగా. "యాడ?"

"వంక దిక్కు మూల."

"మొగరాయేనా?"

"అట్లే ఉండాది మామా."

అతను కేకలేస్తాడని, ఊరంతా వినబడేట్టు అరుస్తాడని ఆమె భయపడింది. అరవకుండా నోరెట్లా మూయించాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చింది. హనుమన్న అరవలేదు. పిడికిలి మూసి దాన్ని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. "మా నాయన చూడలేకపాయె," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఈరక్కకు గొంతు దాకా వచ్చింది, కాదు మామా ఇది వట్టి పలుగురాయి అని. లోపల శివలీల పళ్ళెంలో విత్తనం చెరుగుతున్న చప్పుడు వినబడింది. ఈరక్క అరుగు మీదికి వంగి గొంతు తగ్గించింది.

"ఎవురికీ చెప్పొద్దు మామా. నీ కొడుక్కు కూడా. పంట ఇంటికొచ్చినాక చూద్దాం. తెలిసిందంటే బతకనియ్యరు."

"నాకు చెప్పేదా ఆ ముక్క? నోరు కుట్టుకుంటా. దీన్ని నీ కాడే పెట్టుకో, ఆడదాని చేతిలోనే ఉండవల్ల." రాయిని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంగ ఆగే పని లేదు. రేపే విత్తుదురు. విత్తనం తెచ్చి నా ముందర పెట్టు, తొలి పిడికెడు ఇస్తా."

సుంకప్పకు ఏమీ అంతుపట్టలేదు. "ఏం మందు పెట్టినావే మా నాయనకు?" అని రెండుసార్లు అడిగాడు.

"అడిగే తీరున అడిగితే ఎవురైనా ఒప్పుకుంటారు," అంది ఈరక్క.

పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. ఉమామహేశు సీటు మీద నుంచి దిగకుండానే మొదలుపెట్టాడు. "ఏమప్పా సుంకప్పా, మీ నాయన బతికుండంగానే తొలివానకు విత్తుతాండారే! పొద్దు యాడ పొడిచిందో చూసినావా ఈరోజు?"

"నీకేంటికి? గొర్రు సక్కగా పట్టు. సాళ్ళు వంకరపోతే బాడుగ ఇచ్చేది లేదు."

"మీ చేను సూడనీకే అలవాటు గానీ దున్ననీకే అలవాటు లేదన్నా. అది వంకర పోతే నా తప్పు గాదు."

అందరూ నవ్వారు. ఈరక్క కూడా నవ్వింది. హనుమన్న ఇంటి దగ్గరే నిలబడి పిడికెడు గింజలు తీసి, కళ్ళకద్దుకొని, కోడలి చెంగులో పోశాడు. ఆమె వాటిని తెచ్చి గొర్రులో వేసింది. చేను పొడుగునా సాళ్ళు పడుతూ పోయాయి. నాలుగేసి సాళ్ళకు ఒక కంది సాలు. పైన పడ్డ గింజల్ని శివలీల వెనకనుంచి కాలితో కప్పుతూ వచ్చింది. తడిమన్ను వాసన గట్టు దాకా కొట్టింది. మధ్యాహ్నానికి పని ముగిసింది. గట్టు మీద కూర్చొని జొన్నరొట్టె తింటూ ఈరక్క చేను వైపు చూసింది. దువ్విన తలలా ఉంది. తాను చెప్పిన అబద్ధానికి ఖరీదు ఏదైనా ఉంటే అది పంట వచ్చాక ముసలాయనకు నిజం చెప్పడమే, అప్పటికి ఆయన తిట్టినా పడొచ్చు అనుకుంది. ఇంటికి పోయి, ఎప్పుడూ లేనిది, పగటిపూట నిద్రపోయింది.

హనుమన్న మాట తప్పలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే అందరూ అలసి పడుకున్నాక ట్రంకుపెట్టె తెరిచి, పోయిన పెళ్ళాం పచ్చచీర తడిమి తీశాడు. చంకలో పెట్టుకున్నాడు. కట్టె పొడుచుకుంటూ, పుట్టినప్పటి నుంచి నడిచిన దారే కనుక తడుముకోకుండా, చేను గట్టు దాకా పోయాడు. సుంకలమ్మ రాయికి చీర చుట్టాడు. కుచ్చిళ్ళు కూడా పెట్టాడట, అంత చూపు లేని మనిషి. దండం పెట్టుకొని తిరిగొచ్చి అరుగు మీద పడుకున్నాడు. దారిలో ఎవరో ఎందుకొచ్చావని అడిగితే "ఊరికే" అన్నాడట.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గర ఈరక్క బిందె పెట్టగానే ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

"ఏం ఈరక్కా, మాకు ఒక్క మాటన్నా చెప్పలేదే," అంది ఒకామె.

"ఏం చెప్పవల్ల?"

"చూడు, ఏమీ తెలీనట్టు! మీ మామ చీర పెట్టినాడంట గదా. మేమేమన్నా పంచుకుంటామా?"

ఏ చీర, అని అడగబోయి ఈరక్క ఆగింది. యాభై ఏళ్ళ ఎగతాళి ఒక్కసారిగా చెవిలోకి తిరిగొచ్చింది. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

చేను కనబడలేదు. మనుషులు కనబడ్డారు. గట్టు వెంట ఆటోలు, మోటారు సైకిళ్ళు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, జల్లెడ పట్టుకున్న ముసలివాళ్ళు, గునపాలతో వయసు పిల్లలు. టీ అంగడి ఆయన అప్పుడే బొరుగుల ఉగ్గాని పొట్లాలు అమ్ముతున్నాడు. నిన్న దువ్విన సాళ్ళలో సాలన్నది లేదు.

"విత్తనమేసిన చేను! కాళ్ళు తియ్యండి! నిన్న విత్తినాము!" ఈరక్క ఒకరి చేయి పట్టి లాగితే ఇంకొకరు ముందుకు వచ్చారు.

"తొక్కితే మొలకలు రాకుండా పోతాయా అక్కా? పైపైన చూసి పోతాం," అన్నాడొక కుర్రాడు. అతని గునపం కింద తెల్లటి పప్పులు నాలుగు బయటపడి ఉన్నాయి.

"ఈడ ఏమీ లేదు నాయనా. మా మామకు చూపు లేదు. నేనే అబద్ధం చెప్పినా. పలుగురాయి ఇచ్చినా. చేను విత్తనీకే ఇచ్చినా!"

బళ్ళారి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నడుము పట్టుకొని లేచి, ఈరక్కను నింపాదిగా చూసింది. "దొరికినోళ్ళు దొరికిందని యాడన్నా చెప్తారా తల్లీ? నీ జాగాలో ఉంటే నేనూ ఇదే చెప్తుంటి. ఏం తప్పులే. నీకు దేవుడిచ్చినాడు, దుడ్లొచ్చినాయి, మమ్మల్ని చూసుకోనియ్యి." మళ్ళీ వంగింది.

"ఒకటి దొరికిన చేన్లోనే ఇంగోటి ఉంటాది," అని ఎవరో అన్నారు. ఇంటి మాటే అది. పెద్ద ఈరన్న మాట.

సుంకప్ప కట్టె తీసుకొని వచ్చాడు. ఆ ఒక్క రోజు అతను అరిచాడు, తోశాడు, ఇద్దరితో కలబడ్డాడు, చొక్కా చింపుకున్నాడు. ఈ మూల నుంచి తరిమితే ఆ మూలలో చేరారు. పొద్దుగూకేసరికి గొంతు పోయింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే పెళ్ళాం ఎదురుగా నిలబడ్డాడు.

"చూపించు."

ఆమె చెంగుముడి విప్పి పలుగురాయి ఇచ్చింది. సుంకప్ప దీపం దగ్గరికి పోయి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది పలుగురాయి."

"అదే చెప్తాండా గదా పొద్దున్నుంచి. అదే ఇచ్చినా."

"అసలుది యాడ?"

ఈరక్కకు మొదట అర్థం కాలేదు.

"మా నాయన ఎనభై ఏండ్లు రాళ్ళు పట్టుకున్న మనిషి. పలుగురాయికి చీర పెడతాడా? మీ అన్నకిచ్చి పంపించినావా?"

"మా అన్న ఈ ఊరికొచ్చి ఎన్నాళ్ళయింది? నా కూతురు మీద ఒట్టు..."

"పిల్ల మీద ఒట్టు పెట్టొద్దు," అన్నాడు సుంకప్ప. నమ్మినందువల్ల కాదు. నమ్మక, పిల్లకేమన్నా అవుతుందేమోనని భయపడి.

ఈరక్క అరుగు మీదికి పోయి మామ కాళ్ళ దగ్గర కూర్చుంది. అంతా చెప్పింది. వంకలో ఎట్లా ఏరిందో, ఎందుకు ఏరిందో, ఎవరి చదువు కోసమో, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. చేను పోయిందని చెప్పేటప్పుడు మాత్రం ఏడ్చింది. హనుమన్న తల ఊపుతూ విన్నాడు. ఆమె ముగించాక చేయి చాపి ఆమె తల మీద పెట్టాడు.

"బాగా చెప్తాండావు. అట్లే చెప్పు అందరికీ," అన్నాడు చిన్నగా. "ఏడుపు గూడా బాగుండాది. ఎవురైనా నమ్ముతారు."

మూడో రోజు జనం కొంచెం పలచబడ్డారు. ఈరక్క చేనుకు పోయింది. బయటపడిన గింజల మీద కాకులు వాలి ఉన్నాయి. ఆమె కూర్చొని ఏరడం మొదలుపెట్టింది. తడికి ఉబ్బి, పొట్టు చిట్లి, కొన్నింటికి మొలక ముక్కు కూడా వచ్చింది. మళ్ళీ నాటడానికి పనికిరావు. మందు కలిపిన విత్తనం కనుక తినడానికీ పనికిరావు. అయినా చెంగు నిండేదాకా ఏరింది. లేచి చూస్తే వంక దిక్కు మూలలో, వాళ్ళందరితో పాటు, తల వంచుకొని సుంకప్ప ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చొని, చేతులతో మట్టి తోడుతూ, నలిపి చూస్తూ, పక్కకు పోస్తున్నాడు.

"ఇదో," అని పిలిచింది. "ఇంటికి రా. ఇంగోసారి విత్తనీకే గింజలు ఎవురినన్నా అడుగుదాం. నేల్లో పదును ఇంకా ఉండాది."

సుంకప్ప తల ఎత్తలేదు. "ఆగు. ఈ మూల ఇంకా చూడలే."

పదును ఇంకో రెండు రోజులుంది. తర్వాత ఎండ కాసింది. రెండో వాన ఆ ఏడు పడింది, బాగా పడింది. అప్పటికి ఇంట్లో గింజ లేదు, సుంకప్ప చేనులో ఇనుము పెట్టనిచ్చే స్థితిలోనూ లేడు. తండ్రి అరుగు మీద నుంచి చెప్తుంటే, మూల మూలా గుర్తు పెట్టుకొని, తెల్లవారితే పోయి నేల చూస్తున్నాడు. పెళ్ళాంతో మాటలు తగ్గాయి. మాట్లాడితే ఒక్కటే అడుగుతాడు, ఇప్పటికైనా చెప్పు అని.

దసరా దాటింది. కూలీల్ని లారీలకెక్కించే మేస్త్రీ ఇంటి ముందు ఆగి, ఈ ఇంటి నుంచి ఎంతమంది అని అడిగాడు.

"మేం రాము. మాకు ఈడ పనుండాది," అన్నాడు సుంకప్ప, తన మాట, తండ్రి మాట కలిపి.

మేస్త్రీ ఈరక్క వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరిగి కూతురి వైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు.

"ఇద్దరం," అంది. "నేనూ, శివలీల."

లోపల శివలీల దండెం మీద నుంచి తండ్రి పాతచొక్కా ఒకటి తీసి, ఓణీ మీద తొడుక్కొని, మిరపకాయలు కోసేటప్పుడు చేతులు పూర్తిగా కప్పుతుందో లేదో చూసుకుంటోంది.